ఇంట గెలుచుటకు ఇల్లుండవలెను

శంషాబాదు విమానాశ్రయములోని ప్రధానమైన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఎంతటి బలమైన యంత్రములు గల విమానమైనను మొదట ఆ నేలపై పరుగెత్తవలసినదే. ఆ పరుగు లేనిదే ఆకాశము లేదు. అయినను ప్రహరీ వెలుపల నిలిచి చూచు పిల్లలకు విమానము పైకి లేచిన క్షణము మాత్రమే కనబడును; నేలపై సాగిన పరుగు కనబడదు. క్రీడాకారుల విషయములో లోకము చూపు కూడ ఇట్టిదే. గెలిచిన నాడు పూలమాలలతో విమానాశ్రయమునకు పోవువారు వేలకొలది యుందురు. గెలువకముందు పది సంవత్సరములు ఆ బాలుడో బాలికయో ఎక్కడ ఆడెను, ఎవరు నేర్పిరి, ప్రయాణపు ఖర్చు లెవరు భరించిరి అని అడుగువారు అరుదు.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు హైదరాబాదు నగరమే తగిన ఉదాహరణము. 2003 జూలైలో ఈ నగరమునకు చెందిన సానియా మీర్జా, రష్యా బాలిక అలీసా క్లెయ్‌బనోవాతో జతకూడి వింబుల్డన్ బాలికల డబుల్సు పోటీని గెలిచెను. అప్పటి కామె వయస్సు పదునారేండ్లు. బాలుర సింగిల్సులో 1954లో రామనాథన్ కృష్ణన్, 1979లో ఆయన కుమారుడు రమేశ్, 1990లో లియాండర్ పేస్ అచ్చట విజేతలై యుండిరి. భారతీయ బాలిక ఒకతె అక్కడ గెలుచుట మాత్రము అదే మొదటిసారి. శంషాబాదులో నాటికి విమానాశ్రయము లేదు. అది 2008 మార్చిలో ప్రారంభమైనది. నాటి ప్రయాణము లన్నియు బేగంపేట నుండియే.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో జన్మించి హైదరాబాదులో పెరిగెను. ఆరేండ్ల వయస్సున రాకెట్టు పట్టెను. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు శిక్షకుడు కూడ. తొలినాళ్ళలో తాను ఆడిన కోర్టులు ఆవుపేడతో అలికినవని ఆమె పలుమారులు చెప్పియున్నది. తెలుగు పాఠకునకు ఈ మాట వింతగా తోచదు. పేడతో అలికిన వాకిలి ప్రతి పల్లెలోను ఉన్నదే. కాని అట్టి నేలపై బంతి యొక విధముగా లేచును, పాశ్చాత్య దేశములందలి గట్టి కోర్టులపై మరియొక విధముగా లేచును. ఒక నేలపై నేర్చిన చేతిని మరియొక నేలకు అలవాటు చేయుట చిన్న పని కాదు. ప్రతిభ యనునది ఎక్కడనైనను మొలచును. అది పెరుగుటకు కావలసిన నేలను మాత్రము ఎవరో ఒకరు సిద్ధపరచవలెను.

ఆమె విషయములో ఆ నేలను సిద్ధపరచినవారిలో హైదరాబాదు నగరముకూడ నొకటి. ఈ సంగతి తరచుగా మరుగున పడుచున్నది. 2002లో బూసాన్ ఏషియన్ క్రీడలలో పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్సులో ఆమె కాంస్యము నందినది. మరుసటి యేడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదులోనే జరుగగా, స్వంత ఊరి ప్రేక్షకుల యెదుట నాలుగు స్వర్ణపతకములు గెలిచినది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. 2003 మొదలు 2005 వరకు అంతర్జాతీయ స్త్రీల టెన్నిస్ సంఘమువారి పోటీ ఒకటి ఏటేట హైదరాబాదులో జరిగినది. 2004లో దక్షిణాఫ్రికా క్రీడాకారిణి లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా ఆ పోటీలో డబుల్సు గెలిచెను. ఆ స్థాయిలో ఆమెకు అదే తొలి విజయము.

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ పోటీలో ఆమె మూడవ రౌండు చేరెను. భారతీయ స్త్రీలలో 1998లో నిరుపమా వైద్యనాథన్ అదే పోటీలో ఒక మ్యాచి గెలిచి దారి చూపియుండెను. మూడవ రౌండు వరకు పోయినవారు సానియాకు ముందు లేరు. అక్కడ సెరీనా విలియమ్స్ చేతిలో 1–6, 4–6 తేడాతో ఓడెను. మరుసటి నెలలో హైదరాబాదు పోటీలో ఉక్రెయిన్ దేశపు అల్యోనా బొండరెంకోను 6–4, 5–7, 6–3 తేడాతో ఓడించి సింగిల్సు బిరుదు నందెను. భారతీయ స్త్రీకి ఆ స్థాయిలో సింగిల్సు బిరుదు లభించుట అదే ప్రథమము. తరువాత కొద్ది దినములకే దుబాయిలో, అంతకుముందటి యేడు అమెరికన్ ఓపెన్ గెలిచిన స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించెను. ఆ సంవత్సరమే అమెరికన్ ఓపెన్‌లో నాలుగవ రౌండు చేరెను. 2007 ఆగస్టు నాటికి ప్రపంచ సింగిల్సు పట్టికలో 27వ స్థానమున నిలిచెను.

"ఇంట గెలిచి రచ్చ గెలువుము" అను సామెతను ఈ క్రమము అక్షరాల రుజువు చేయుచున్నది. కాని ఈ సామెతలో చెప్పక వదలిన మాట యొకటి యున్నది. ఇంట గెలుచుటకు ముందు ఇల్లుండవలెను. 2004లోను 2005లోను హైదరాబాదులో ఆ పోటీ జరిగియుండనిచో, అదే బాలిక అదే విజయముల కొరకు ఏ దూరదేశపు పట్టణమునకో పోవలసియుండెడిది. ఇంతకును ఆ పోటీ హైదరాబాదులో నిలిచినదా? లేదు. 2006లో అది బెంగుళూరుకు తరలిపోయినది. అది మొదలు ఆ స్థాయి స్త్రీల పోటీ హైదరాబాదునకు మరల రాలేదు. విజేతను సన్మానించుటలో చూపిన శ్రద్ధను ఆమెకు మెట్టుగా ఉపకరించిన పోటీని నిలుపుకొనుటలో నగరము చూపలేకపోయినది.

ఇదే కాలమున సెర్బియా యను చిన్న దేశములో జరిగినది చూచినచో ఈ విషయము మరింత స్పష్టమగును. ఆ దేశ జనాభా డెబ్బది లక్షలకు లోపు. సానియా కంటె ఒక యేడు చిన్నవారైన నోవాక్ జొకోవిచ్, ఆనా ఇవానోవిచ్ ఇరువురును 1987లో బెల్‌గ్రేడులో పుట్టినవారు. వారి బాల్యము యుద్ధములతోను, ఆంక్షలతోను, దారిద్ర్యముతోను నిండియుండెను. చలికాలమున ఆడుటకు కప్పుగల కోర్టులు లేక, నీరు తీసివేసిన ఈతకొలను అడుగున కోర్టులు పరచి ఇవానోవిచ్ అభ్యాసము చేసెను. 1999లో బెల్‌గ్రేడుపై 78 దినములు బాంబులు పడుచుండగా ఆ పిల్లలు ఆట మానలేదు. హైదరాబాదులో పేడ అలికిన కోర్టు, బెల్‌గ్రేడులో నీరులేని కొలను: రెండింటిలోను కనబడునది ఒకే పట్టుదల.

పట్టుదల యొకటే చాలినదా? జొకోవిచ్ బాల్యములో ఒక ముఖ్యమైన ఘట్టము గలదు. అతని తలిదండ్రులు కొపావొనిక్ అను కొండప్రాంతమున చిన్న ఫలహారశాల నడుపుచుండిరి. దాని యెదుటనే టెన్నిస్ కోర్టులు వెలసినవి. 1993లో యెలెనా గెంచిచ్ అను శిక్షకురాలు అక్కడ పిల్లలకు వేసవి శిక్షణము నిచ్చుచు, ఆరేండ్ల ఆ బాలుని కనిపెట్టెను. అంతకు ముందు మోనికా సెలెస్‌ను బాల్యముననే గుర్తించినదియు ఆమెయే. ఆమె ఆట మాత్రమే నేర్పలేదు. బాలునకు సంగీతము వినిపించెను, కవిత్వము చదివించెను. తాను నేర్పగలిగినది ముగిసినదని తోచినప్పుడు, పండ్రెండేండ్ల ఆ బాలుని జర్మనీలోని నికీ పిలిచ్ శిక్షణాలయమునకు పంపుటకు తోడ్పడెను. శిష్యుని తనయొద్దనే నిలుపుకొనక పై గురువునకు అప్పగించుట ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణము. 2008లో జొకోవిచ్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌ను, ఇవానోవిచ్ ఫ్రెంచి ఓపెన్‌ను గెలిచిరి. ఆ యేడే యెలెనా యాంకోవిచ్ స్త్రీలలో ప్రపంచ ప్రథమస్థాన మలంకరించెను. అంత చిన్న దేశమునకు ఒకే యేట ఇన్ని ఘనతలు దక్కుట వెనుక కుటుంబముల త్యాగముతోపాటు, పిల్లవానిని చూచి గుర్తుపట్టగల కన్నులును ఉన్నవి.

ఇప్పుడు యువక్రీడాకారుల యెదుటనున్న మెట్లెట్టివో విచారింతము. టెన్నిస్‌లో స్థానము నిర్ణయించునది గడచిన 52 వారములలో సంపాదించిన పాయింట్లు. ఆ పాయింట్లు ఒక్క ఊరిలో దొరకవు. దేశదేశములు తిరిగి ఏరుకొనవలెను. స్త్రీలకు అన్నిటికంటె క్రింది మెట్టు మొత్తము 15,000 డాలర్ల బహుమానము గల పోటీలు. అనగా సుమారు 13 లక్షల రూపాయలు. అది ఆడువారందరకు పంచబడును. గెలిచిన బాలికకు రెండువేల డాలర్లకు పైచిలుకు ముట్టును. మొదటి రౌండులోనే ఓడినవారికి వచ్చునది రెండువందల డాలర్లయినను కాదు. విమానపు టిక్కెట్టునకే అది చాలదు. పై మెట్టున సంగతి వేరు. 2025 అమెరికన్ ఓపెన్‌లో మొదటి రౌండులో ఓడినవారికి సైతము 1,10,000 డాలర్లు ముట్టినవి. అట్టి మహాపోటీలలోనికి ర్యాంకు బలముతో నేరుగా ప్రవేశించువారు 104 మంది మాత్రమే. కనుక మొదటి నూరుగురిలో చేరువరకు క్రీడాకారిణి ఆట తండ్రి జేబుపై ఆధారపడియుండును. చేరిన పిమ్మట ఆటయే ఆమెను పోషించును. ఈ రెంటి నడుమ నున్న ఐదారు సంవత్సరములలోనే ఎందరో బాలబాలికలు ఆట చాలించుచున్నారు. వారి పేర్లు ఏ పట్టికలోను ఉండవు.

దీని ఫలితము లెక్కలలో కనబడుచున్నది. సానియా తరువాత 2025 చివరివరకు భారతీయ స్త్రీ యెవ్వరును సింగిల్సులో మొదటి నూరుగురిలో చేరలేదు. సానియాయైనను 2008లో మణికట్టునకు శస్త్రచికిత్స పొంది, క్రమముగా సింగిల్సు విడిచి డబుల్సులో తన పేరు నిలుపుకొనెను. 2015లో ప్రపంచ ప్రథమస్థానము నంది, ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులతో 2023లో ఆట విరమించెను. ప్రతిభ కరవైనదని మాత్రము చెప్పరాదు. 2025 ఏప్రిలులో పూనాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్పు పోటీలలో హైదరాబాదు యువతి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆడిన ఐదు సింగిల్సు మ్యాచులను గెలిచి, భారతజట్టు పై దశకు చేరుటకు కారకురాలయ్యెను. ఇంటి నేలపై ఆడినపుడు తెలుగు బాలిక ఏమి చేయగలదో ఇరువది యేండ్ల తరువాత మరల ఋజువైనది.

టెన్నిస్ ధనికుల ఆట కదా, పాఠశాలలకు సరియైన ఆటస్థలములే లేనిచోట ఈ ఆటకు ప్రజాధన మేల అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని అది ధనికుల ఆటగా మిగులుటకు కారణము ఆటలో లేదు. కోర్టులు క్లబ్బుల గోడల లోపల నుండుటలో నున్నది. శంషాబాదు విమానాశ్రయము కొరకు సేకరించిన భూమి ఐదువేల యెకరములకు మించినది. దానిలో ఒక్క కోర్టునకు కావలసిన స్థలము ఎకరములో ఐదవవంతు కూడ కాదు. విమానాశ్రయము వచ్చినందున భూముల ధరలు పెరిగినవి, రహదారులు పడినవి, భవనములు లేచినవి. ఆ గ్రామముల పాఠశాలలకు వచ్చిన లాభమేమి యని అడిగినచో తప్పగునా? అదే రంగారెడ్డి జిల్లాలో, మొయినాబాదు మండలపు ముర్తుజాగూడలో సానియా తన పేర టెన్నిస్ శిక్షణాలయమును 2013లో నెలకొల్పినది. తాను ఎక్కిన మెట్టును తరువాతివారికై కట్టదలచిన పని అది. అయితే ఒక వ్యక్తి కట్టగలిగినది ఒక మెట్టు మాత్రమే. నిచ్చెన కట్టవలసినది సంఘము.

చేయవలసినవి అసాధ్యములు కావు. క్రింది మెట్టు పోటీ యొక్కదానికి బహుమానపు సొమ్ము 13 లక్షలు. అట్టివి నాలుగైదు ఏటేట తెలుగు పట్టణములలో జరిగినచో, ఎందరో బాలికలు విమాన మెక్కకయే తొలి పాయింట్లు సంపాదింపగలరు. స్థానికులకు ప్రత్యేక ప్రవేశ మిచ్చు పద్ధతి ఈ ఆటలో ఉండనే యున్నది. ఇక ఉపాధ్యాయులు చేయవలసినది ధనముతో పని లేనిది. తరగతిలోని పిల్లలలో చురుకైన కన్ను, చెదరని దృష్టి, ఓడియు మరల బంతి నందుకొను గుణము గల వానిని గుర్తించుట వారి చేతిలోనిదే. ఆట కొరకు కొన్ని దినములు బడికి రాని బాలికను బద్ధకస్తురాలని తలపక, పోయిన పాఠములను తిరిగి చెప్పుట గూడ వారి చేతిలోనిదే. గెంచిచ్ అను ఆమెకు ఆనాడున్న సాధనము కొండప్రాంతపు కొద్ది కోర్టులు, తన చూపు.

అట్లు గుర్తింపబడిన పిల్ల లందరును విజేతలు కారు. నూటికి తొంబదితొమ్మిదిమంది సామాన్య క్రీడాకారులుగనే మిగులుదురు. అందులో నష్టమేమియు లేదు. ఆరోగ్యవంతులైన పౌరులు సంఘమునకు భారము కారు. కాని ఆ నూరవ పిల్ల యెవరో ముందుగా తెలియదు. ఆమె శంషాబాదు చుట్టునున్న ఏ పల్లెలోనో నేడు ప్రహరీ వెలుపల నిలిచి విమానమును చూచుచుండవచ్చును. ఆమె ఏనాటికైనను ఆ విమాన మెక్కవలెనన్నచో, ముందుగా ఆమె బడి పక్కన పరుగెత్తుటకు నేల యుండవలెను.