తాతయ్య అంబాసిడర్‌కి బ్లూటూత్ ఇగ్నిషన్? నా ఓటు దానికి కాదు

గేమింగ్ కంట్రోలర్ కొనేవాళ్లు ఈ మధ్య ముందుగా అడుగుతున్నది ఒకటే, స్టిక్స్ హాల్ ఎఫెక్టా కాదా అని. కారణం మీకు తెలిసిందే. మామూలు స్టిక్‌లో ఒక ముక్క ఇంకో ముక్క మీద రాసుకుంటూ తిరుగుతుంది. అరిగాక డ్రిఫ్ట్ మొదలవుతుంది. హాల్ సెన్సర్‌లో రాపిడి లేదు, అయస్కాంతం దగ్గరకొచ్చినా దూరం జరిగినా సెన్సర్ పసిగట్టేస్తుంది. సరిగ్గా ఇదే గొడవ మా ఇంట్లో ఆరు నెలలుగా నడుస్తోంది. కాకపోతే కంట్రోలర్ గురించి కాదు, మా తాతయ్య కొన్న 1972 పెట్రోల్ అంబాసిడర్ గురించి.

నాన్న మాట: "ఒక్క స్క్రూ కూడా మార్చొద్దు. నాన్నగారు ఎలా వదిలారో అలాగే ఉండాలి." బాబాయ్ మాట: "అన్నయ్యా, ఫోన్‌లోంచే ట్యూన్ చేసే డిస్ట్రిబ్యూటర్ వచ్చింది, అది పెట్టేద్దాం." ఇద్దరూ కలిసి తీర్పు నా మీద పడేశారు. బీటెక్ చదివాడు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వీడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అని. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అని చెప్పినా వినలేదు.

సరే, అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో ప్లగ్ దగ్గర స్పార్క్ రావాలంటే వేల వోల్టులు కావాలి, బ్యాటరీ ఇచ్చేది 12. అందుకే ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. కాయిల్‌లోకి కరెంట్ పంపి, సరైన క్షణంలో టక్కున ఆపేస్తే, దాని అయస్కాంత క్షేత్రం కూలిపోయి రెండో చుట్టలో ఆ వేల వోల్టులు పుడతాయి. ఆ "టక్కున ఆపే" పని చేసే స్విచ్చే కాంటాక్ట్ బ్రేకర్, మన మెకానిక్‌ల భాషలో పాయింట్స్. పక్కనే చిన్న డబ్బీలా ఉండే కండెన్సర్, పాయింట్స్ విడిపోయేటప్పుడు వాటి మధ్య మంట రాకుండా చూస్తుంది. ఈ పద్ధతిని తయారు చేసింది అమెరికన్ ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్, మొదట వాడింది 1910 మోడల్ క్యాడిలాక్‌లో. ఆయన పెట్టిన కంపెనీ పేరు డెల్కో. పాత మెకానిక్‌లు కొందరు ఇప్పటికీ డిస్ట్రిబ్యూటర్‌ని "డెల్కో" అనడం మీరు వినే ఉంటారు.

ఇప్పుడు కాస్త లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే నిమిషానికి 6000 స్పార్కులు కావాలి. అంటే సెకనుకి 100 సార్లు, గంటకి 3 లక్షల 60 వేల సార్లు ఆ చిన్న పాయింట్స్ తెరుచుకుని మూసుకోవాలి. అదీ ప్రతిసారీ నాలుగు ఆంపియర్ల దాకా కరెంట్‌ని తెంపుతూ. మీ మెకానికల్ కీబోర్డ్ స్విచ్ మీద ఇన్ని కోట్ల ప్రెస్‌లు అని గొప్పగా రాస్తారు కదా. ఈ లెక్కన 10 కోట్ల ప్రెస్‌లు 300 గంటల్లోపే అయిపోతాయి.

అందుకే అరుగుతాయి. కామ్ మీద రాసుకునే చిన్న ఫైబర్ ముక్క అరిగే కొద్దీ పాయింట్స్ మధ్య గ్యాప్ తగ్గుతుంది, దాంతో టైమింగ్ వెనక్కి జరుగుతుంది. మొహాల మీద నల్లగా కాలిన గుంటలు పడతాయి. బండి పొద్దున స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడుతుంది. అప్పుడు మెకానిక్ ఫీలర్ గేజ్ తీసి గ్యాప్ సరిచేస్తాడు. ఇలాంటి లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్‌లో అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డ్ మడవకుండా పెట్టి కూడా లాగించేస్తారు. దాని మందం దాదాపు అంతే ఉంటుంది మరి!

కొత్తగా దొరికేవి రెండు రకాలు. మొదటిది చిన్న హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్. పాయింట్స్, కండెన్సర్ తీసేసి అదే ప్లేట్ మీద దీన్ని బిగించి, షాఫ్ట్ మీద అయస్కాంతాలున్న రింగ్ తొడుగుతారు. క్యాప్ మూసేస్తే బయటికి రెండు వైర్లు తప్ప ఏమీ కనిపించదు. రెండోది బాబాయ్ మనసు పడ్డది. నెదర్లాండ్స్‌లో తయారయ్యే 123 ఇగ్నిషన్ లాంటివి డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్నీ మార్చేస్తాయి. ఏ ఆర్‌పీఎం దగ్గర స్పార్క్ ఎంత ముందుగా రావాలో బ్లూటూత్ మోడల్‌లో ఫోన్ యాప్ నుంచే సెట్ చేయొచ్చు, దొంగలు ఎత్తుకుపోకుండా లాక్ కూడా పెట్టొచ్చు. డెమో వీడియో చూస్తే మనలాంటి వాళ్లకి నోరూరుతుంది, కాదనను.

అయితే ఈ కిట్లు అమ్మేవాళ్లు చెప్పే ఒక మాట మాత్రం నేను ఒప్పుకోను. పవర్ పెరుగుతుందట. అప్పుడే సెట్ చేసిన మంచి పాయింట్స్, అంబాసిడర్ తిరిగే వేగాల్లో ఇంజిన్‌కి సరిపడా స్పార్కే ఇస్తాయి. 1489 సీసీ ఇంజిన్ మాడ్యూల్ పెట్టగానే రేసు కారు అయిపోదు. మాడ్యూల్ వల్ల లాభం వేరే. ఇవాళ ఉన్న టైమింగ్ రెండేళ్ల తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంటుంది. ఇంకోటి, కండెన్సర్ పీడ వదులుతుంది. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం చాలా ఎక్కువ, ఇది పాత కార్లవాళ్లు ఏ దేశంలోనైనా చెప్పే కష్టమే. పాత ఒరిజినల్ పదేళ్లు నడిచిన చోట కొత్తది పది రోజుల్లో పోవడం మామూలైపోయింది. "ఒరిజినల్ సిస్టమే నమ్మకం" అనే నాన్న వాదనలో పెద్ద చిల్లు ఇదే. సిస్టమ్ ఒరిజినలే, విడిభాగాలు మాత్రం కావు. ఇంకొక విషయం, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతుంటే, అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి ఉంటే, మాడ్యూల్ ఆ జబ్బుని నయం చెయ్యదు. ముందు అది బాగు చేయించుకోవాలి.

నాకు అసలు ముఖ్యమనిపించింది చెడిపోవడం కాదు, ఎలా చెడిపోతుందన్నది. పాయింట్స్ ముందే చెప్పి పోతాయి. వారాల తరబడి ముక్కుతూ మూలుగుతూ, ఇక చూడు అన్నట్టు. దారిలో ఆగినా గరుకు కాగితంతో రుద్ది ఇంటికి చేరిపోవచ్చు. మాడ్యూల్ అలా కాదు, పనిచేస్తే నూటికి నూరు, పోతే సున్నా. రోడ్డు పక్కన దాన్ని విప్పి చేసేదేమీ లేదు. కొన్ని రకాలు ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో వదిలేస్తే వేడెక్కి కాలిపోతాయి. వైర్లు తారుమారు చేసినా అంతే. పాత బ్రిటిష్ కార్లలో చాలా వాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది, అది చూసుకోకుండా నెగిటివ్ ఎర్త్ మాడ్యూల్ బిగిస్తే మొదటి తాళంతోనే కథ కంచికి. మన డెవలపర్ల భాషలో చెప్పాలంటే పాయింట్స్ లాగ్స్ రాస్తూ చచ్చిపోయే సర్వీస్, మాడ్యూల్ చప్పుడు చేయకుండా క్రాష్ అయ్యే సర్వీస్. ఆన్ కాల్ చేసినవాళ్లకి ఏది నయమో నేను చెప్పక్కర్లేదు.

ఇక బ్లూటూత్ దాని సంగతి. న్యాయంగా చెప్పాలంటే ఫోన్ లేకపోయినా కారు నడుస్తుంది, సెట్టింగులు డిస్ట్రిబ్యూటర్ లోపలే సేవ్ అవుతాయి. నా అనుమానం యాప్ ఆయుష్షు మీద. ఆండ్రాయిడ్ 14లో, టార్గెట్ ఎస్‌డీకే 23 కంటే తక్కువ ఉన్న యాప్స్‌ని మామూలుగా ఇన్‌స్టాలే చేసుకోనివ్వరు. అంటే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 కంటే పాత వెర్షన్ల కోసం రాసి వదిలేసినవన్నీ అవుట్. అప్‌డేట్ లేని యాప్స్‌ని ప్లే స్టోర్ కూడా కొత్త ఫోన్లకి చూపించడం మానేస్తుంది. యాభై ఏళ్లు దాటిన కారుకి పదేళ్లు కూడా గ్యారంటీ లేని యాప్‌ని తాళంచెవిగా పెట్టడం, యాప్స్ రాసి బతికే నాకే మనసొప్పడం లేదు. రోజూ తీసే కారైతే, దగ్గర్లో ట్యూనింగ్ తెలిసినవాళ్లుంటే, మీ లెక్క వేరు కావచ్చు.

నాన్న ఇంకో అస్త్రం తీశారు, వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో ఉన్న బండికి "వీఏ" అక్షరాలున్న నంబర్ తీసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. క్యాప్ కింద రెండు స్క్రూలతో కూర్చుని, మళ్లీ అరగంటలో ఊడొచ్చే మాడ్యూల్‌ని పెద్ద మార్పు అనడం కష్టం. కానీ ఆ నంబర్ తీసుకుంటే మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, పెట్రోల్, రిపేర్ లాంటి వాటికే. మా కారు ఏటా కార్తీకమాసంలో మామ్మని ఎక్కించుకుని కాకినాడ నుంచి అన్నవరం వెళ్తుంది. మామ్మకి ఇప్పుడు ఎనభై ఒకటి. ఆ కారు తప్ప వేరేది ఎక్కనంటుంది. ఆవిడని రోడ్డు మీద నిలబెట్టకూడదు, నాకు అన్నిటికంటే పెద్ద స్పెసిఫికేషన్ అదే. వీఏ నంబర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కాబట్టి నా ఓటు మధ్య రకానికి. హాల్ మాడ్యూల్ బిగిద్దాం, కానీ ఒక్క ఒరిజినల్ వైరు కూడా కత్తిరించకుండా. తీసిన పాయింట్స్, ఇప్పటికే నడిచి నమ్మకం కలిగిన పాత కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్, అన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచాలి. కాయిల్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో కొలిచి, మాడ్యూల్ అడిగినదానికి తక్కువ లేకుండా చూసుకున్నాకే ఆర్డర్ పెట్టాలి. దానికంటే ముఖ్యంగా, మా ఊళ్లో పాయింట్స్ సెట్ చేయడం చేత్తో పట్టి చూసి చెప్పగల మెకానిక్ ఒకాయనే మిగిలారు, ఆయనకి అరవై దాటాయి. వచ్చే రెండు ఆదివారాలు ఆయన షెడ్డులో కూర్చుని, మాడ్యూల్ తీసి పాయింట్స్ పెట్టడం నేనూ బాబాయ్ ఇద్దరం నేర్చుకోవాలని షరతు పెట్టాను.

నాన్న ఒప్పుకున్నారు. బాబాయ్ ఇంకా ఆ యాప్ స్క్రీన్‌షాట్లు ఫ్యామిలీ గ్రూప్‌లో పంపుతూనే ఉన్నాడు.