పిడి దగ్గరి పనితనం

పుంగనూరు అంటే పొట్టి ఆవులు గుర్తొస్తాయి, జమీందారులు ఆ తర్వాతే. వాళ్ల కాలం నాటి కత్తుల మాట వచ్చినా చూపంతా అలుగు మీదే. కోనసముద్రం ఊళ్లో చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లిందని గొప్పగా చెప్పుకుంటాం; పిడి చేసిన చేతిని తలచుకోం. ఈ సంచిక ఆ చేతి కోసం.

ముందు పోలికకు జపాను కత్తి చూద్దాం. అందులో అలుగుకీ పిడికీ నడుమ ఉండే బిళ్ల పేరు త్సుబా. చెయ్యి అలుగు మీదికి జారకుండా కాచేది అదే. అరచేతిలో ఇమిడే ఆ ఇనుములో కొంగలూ అలలూ చెక్కారు. విడదీసి మార్చుకునే వీలుంది కాబట్టే అది సేకరించే వస్తువైంది. మన తల్వారుకు ఆ వీలు లేదు, అడ్డకమ్మీ పిడిలో భాగమే. పనితనం మాత్రం దగ్గరిదే: ఇనుము మీద సన్నగీతలు అడ్డంగా, నిలువుగా గీసి, వాటిలో బంగారం అదిమి కొడతారు. ఇక్కడ కోఫ్త్‌గరీ, అక్కడ నునొమె జోగన్. 1876లో జపాను ప్రభుత్వం జనం కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించాక అక్కడి పనివాళ్లు పూలపాత్రలకూ నగిషీ పెట్టెలకూ మళ్లారు.

మీ ఇంట ఆయుధపూజకు తీసే పాత కత్తి ఉంటే, దయచేసి గరుకుకాగితంతో రుద్దకండి. పిడి ఫొటో తీసి మాకు పంపండి.