కంటికి ఆనని ఎరుపు అబద్ధమా?

సౌర తుఫాను వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే తీర్పు. "ఆ రంగులు ఆకాశంలో లేవు, కెమెరాలో ఉన్నాయి." 2024 మే 10 రాత్రి టెక్సాస్‌లో ధ్రువకాంతితో ఆకాశం గులాబీ రంగుకు తిరిగితే, అక్కడున్న మన పిల్లలు తీసిన ఫోటోలు వేంసూరు, సత్తుపల్లి ఇళ్ళ దాకా వచ్చాయి. చూసి పెదవి విరిచినవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. "కంటికి ఇంతగా కనపడలేదు, నైట్ మోడ్‌లో పడింది" అని తీసినవాళ్ళే చెప్పేసరికి, ఇక అడిగేదేముందన్నట్టు బూటకం కింద జమకట్టేశారు. ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆ పిల్లలు అబద్ధాలకోరులయ్యారు. నాకు బాధ కలిగించింది అదే.

అదే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఏం జరిగిందో చూడండి. 4,500 మీటర్ల ఎత్తున భారత ఖభౌతిక సంస్థ నడిపే వేధశాల అది. ఆకాశమంతటినీ ఒకే చట్రంలో పట్టే కెమెరాలు అక్కడ రాత్రంతా వాటంతటవే పనిచేస్తుంటాయి. అర్ధరాత్రి దాటాక ఉత్తరపు అంచున ఎర్రటి వెలుగు వాటిలో నమోదైంది. రంగులు దిద్దడానికి పక్కన మనిషి లేడు, ముచ్చటపడి ఫిల్టర్ వేసినవాడు లేడు. ఐదు నెలల తర్వాత, అక్టోబరు తుఫానులోనూ అక్కడ ఎరుపు మళ్ళీ దొరికింది. దాన్ని మాయ అనేవాళ్ళు ఆ మాయ చేసిందెవరో కూడా చెప్పాలి.

అసలు లోపం మన కంట్లో ఉంది. మసక చీకట్లో మనకు చూపునిచ్చేవి దండ కణాలు. అవి రంగులు చెప్పలేవు, ఎరుపు విషయంలో దాదాపు గుడ్డివి. రంగులు చెప్పే శంకు కణాలకేమో బాగా వెలుతురు కావాలి. పైగా కన్ను సెకనులో పదో వంతు సేపటి వెలుగును మాత్రమే కూడబెట్టి చూస్తుంది, ఆ వెంటనే మళ్ళీ మొదటికి వస్తుంది. ట్రైపాడ్ మీద కెమెరా పది, పదిహేను సెకన్లు ఓపిగ్గా పోగుచేస్తుంది. వాకిట్లో పెట్టిన గిన్నెలో సన్నటి జల్లు నీళ్ళు నిండినట్టే ఇదీ. గిన్నెలో నీళ్ళున్నాయి కాబట్టి వాన అబద్ధమని ఎవరూ అనరు.

ఎరుపే ఎందుకన్నదీ తెలిసిన సంగతే. రెండు వందల కిలోమీటర్లకు పైన ఉన్న ఆక్సిజన్ పరమాణువు శక్తి పుంజుకున్నాక 630 నానోమీటర్ల ఎర్రకాంతిని విడవడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. ఈలోపు ఇంకో అణువు తగిలితే ఆ కాంతి పుట్టదు. అందుకే గాలి బాగా పలచబడిన ఎత్తులోనే ఎరుపు బతుకుతుంది. కింద, నూరు కిలోమీటర్ల చుట్టుపక్కల, ఆకుపచ్చదే రాజ్యం. దక్షిణాన దూరంగా ఉన్నవాళ్ళకు భూమి వంపు ఆ ఆకుపచ్చను దాచేస్తుంది, పైనున్న ఎరుపు కొస మాత్రం మిగులుతుంది. అంటే హాన్లేలోనైనా, టెక్సాస్‌లోనైనా కంటికి అతి కష్టమైన రంగే ముందుగా ఎదురవుతుంది. తుఫానుల్లో వెలిగే ఒక రకం ఎర్ర చాపాలనైతే 1956లో ఫ్రాన్స్‌లో డానియల్ బార్బియే పరికరంతోనే కనిపెట్టాడు. కంటిని నమ్ముకుని కూర్చుంటే అవి ఉన్నాయనే తెలిసేది కాదు.

కంటికి ఆననిదాన్ని కెమెరాతో పట్టడం మనకు కొత్త సంగతేం కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, బేగంపేట నుంచి ప్రపంచ నక్షత్ర పటంలో తన వాటాకు వచ్చిన ఆకాశాన్ని గాజు పలకల మీద ఫోటోలు తీసింది. నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇస్తే తప్ప పలక మీదికి రాని నక్షత్రాలు లక్షల్లో ఉన్నాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా ఏ మనిషి కంటికీ ఆనవు. ఆ జాబితాను కెమెరా మాయ అన్నవాళ్ళు లేరు, ప్రపంచమంతా వాడుకుంది.

మోసాలు లేవని నేననను. రంగు మీటను చివరిదాకా లాగేవాళ్ళున్నారు, కంప్యూటర్‌తో బొమ్మ పుట్టించి హైదరాబాద్ ఆకాశమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. తెలియక పొరబడటానికి మా ఊరే చాలు. వేంసూరు పొలాల్లో నిలబడి సత్తుపల్లి దిక్కుకు ఫోన్ తిప్పి నైట్ మోడ్‌లో తీయండి. పామాయిల్ తోటల నల్లటి మట్టల పైన నారింజ రంగు వెలుగు తేటగా పడుతుంది. అది ఓపెన్ కాస్ట్ బొగ్గు గనుల దీపాలదీ, పట్టణానిదీ. ఆ ఫోటోలో వెలుగు నిజమే, దానికి ధ్రువకాంతి అని పేరు పెడితేనే తప్పు. తగవు పడాల్సింది ఆ పేరు దగ్గర. కెమెరాను కాదు, ఫోటో కింద రాసిన మాటను పరీక్షించాలి.

పరీక్షించడం కష్టమూ కాదు. ఎక్స్‌పోజర్ ఎంత ఇచ్చారో అడగాలి. వరుసగా తీసిన నాలుగైదు ఫోటోలు అడగాలి. తుఫాను వెలుగు నిమిషాల్లో పెరిగి తరుగుతుంది, గని దీపాల వెలుగు ఉన్నచోటే ఉంటుంది. తర్వాత గడియారం చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చౌటుప్పల్‌లో అయస్కాంత వేధశాల ఉంది. పెద్ద తుఫాను తగిలితే మన నేల మీది అయస్కాంత క్షేత్రం కూడా కుంగుతుంది. 2024 మే తుఫానులో భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న ప్రాంతాల సగటున ఆ కుంగుడు సుమారు 400 నానోటెస్లాలు, అంటే మొత్తం క్షేత్రంలో నూటికొక వంతు. ఈ కుంగుడు కూడా ఎవరి కంటికీ కనపడదు, అయినా దాన్ని నమోదు చేసే వేధశాల గీతను ఎవరూ శంకించరు. ఫోటో మీది సమయం ఆ గీతతో సరిపోవాలి.

1872 ఫిబ్రవరి 4 నాటి తుఫానులో బొంబాయి నుంచి కూడా ధ్రువకాంతి చూసినట్టు ఆనాటి పత్రికలో వచ్చింది. బొంబాయి మనకంటే రెండు డిగ్రీలే ఉత్తరాన. కాబట్టి రేపెవరైనా వేంసూరు నుంచి ఎర్ర ఆకాశం ఫోటో పెడితే ముందు ఈ ప్రశ్నలన్నీ నేనే అడుగుతాను. జవాబులు కుదిరితే నమ్ముతాను, తీసిన మనిషి "నాకైతే అక్కడ చీకటే కనపడింది" అన్నా సరే.