'పర్యాటకుల కోసమే' అంటున్న సీసా ఎవరింట్లో పగులుతుంది?

సెలవులకు దీవికి వెళ్లినవాడి చేతిలో తమ సీసా ఉండాలన్నది విదేశీ బీరు కంపెనీల లెక్క. ఇంటి దగ్గర రూపాయికి వెనకాడే మనిషి సముద్రం ఒడ్డున వెనకాడడు. పైగా అక్కడ అతను దిగే ఫోటో కంపెనీకి పైసా ఖర్చులేని ప్రకటన. మెక్సికోలో పుట్టిన కరోనా బీరు కొలంబియా తీరంలో ఒక దీవికి ఏకంగా తన పేరే పెట్టుకుని విహారకేంద్రం నడుపుతోంది.

మన దేశంలో ఇలాంటి వ్యాపారానికి కళ్లు పడే చోటు అండమాన్. నిన్నటి హేవ్‌లాక్, నేటి స్వరాజ్ ద్వీప్. అక్కడ విదేశీ బీరు అమ్మకాలు పెంచాలనేవారి దగ్గర ఒకే మాట ఉంటుంది: "ఇది పర్యాటకుల కోసమే, స్థానికులకు సంబంధం లేదు." ఈ మాటను మేము ఒప్పుకోము.

అండమాన్ మనకు పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకారులు, కూలీలు, వారి పిల్లలు అక్కడ స్థిరపడ్డారు. ఒడిశాలో, మహారాష్ట్రలో, తమిళనాడులో, కర్ణాటకలో తరాలుగా ఉంటున్న మనలాగే వాళ్లు కూడా సొంత రాష్ట్రానికి బయట బతుకుతున్న తెలుగువాళ్లు.

ఆ సీసా పర్యాటకుడి దగ్గరే ఆగుతుందా? రిసార్టులో గదులు తుడిచేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, కొబ్బరిబోండాలు కొట్టేవాళ్లు ఆ దీవిలోనే ఉంటారు. వానాకాలంలో పర్యాటకులు తగ్గిపోతారు. దుకాణం అద్దె మాత్రం తగ్గదు. ఆ నెలల్లో సరుకు ఎవరికి అమ్ముతారు? ఖరీదైన విదేశీ సీసా కుర్రాళ్లకు ఆశ చూపిస్తుంది, చవక సీసా ఆ ఆశ తీరుస్తుంది. దేశం మొత్తం మీద మద్యం తాగే పురుషులు నూటికి 19 మంది అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అండమాన్ నికోబార్‌లో అది అంతకన్నా చాలా ఎక్కువ. ఇంకా పెంచడానికి అక్కడ మిగిలిందేమిటి?

అమ్ముతున్నదెవరో కూడా చూడండి. అండమాన్ నికోబార్ సమీకృత అభివృద్ధి సంస్థ ప్రభుత్వ సంస్థ. పాల వ్యాపారం దానిదే, మద్యం వ్యాపారమూ దానిదే. మత్తు పానీయాలను నిషేధించడానికి ప్రభుత్వం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణంలో రాసి ఉంది. ఆ ప్రభుత్వమే కొట్టు పెట్టుకుంటే తాగుడు తగ్గించమని ఎవరిని అడగాలి?

ఇక ఖాళీ సీసా సంగతి. చెన్నై నుంచి, విశాఖ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ఓడలో సరుకు వస్తుంది. నిండు సీసాను తెచ్చేవాడున్నాడు, ఖాళీ సీసాను తిరిగి మోసేవాడెవడు? ఇక్కడ తయారయ్యే బీరు సీసాలను పాతసామాన్లవాళ్లు కొంటారు, కంపెనీలు కడిగి మళ్లీ నింపుతాయి. పరదేశంలో నింపిన సీసాకు ఇక్కడ వెనక్కి తీసుకునే ఫ్యాక్టరీ లేదు. అది దీవిలోనే మిగులుతుంది. పగిలితే వల లాగేవాడి కాలికి గుచ్చుకుంటుంది.

ఆ దీవులకు మద్యం చేసిన కీడు కొత్తది కాదు. 1858లో బ్రిటిష్‌వారు అక్కడ ఖైదీల స్థావరం పెట్టారు. ఆ వెనుకే మద్యం, నల్లమందు, పొగాకు, అంటురోగాలు వచ్చాయి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 నాటికి 19 మంది మిగిలారు. ఎక్కువమందిని చంపింది రోగాలే. కానీ బతికినవాళ్లను లొంగదీసినవాటిలో మద్యం ఉంది.

"దూరంగా కంచె కట్టి అమ్ముతాం" అనేవాళ్లూ ఉన్నారు. మాల్దీవుల్లో మద్యం రిసార్టు దీవులకే పరిమితమన్నారు. జనం ఉండే దీవుల్లో అతిథిగృహాలు వచ్చాక, ఒడ్డుకు కాస్త దూరంలో లంగరు వేసిన పడవలే బార్లయ్యాయి. లక్షద్వీప్‌లో మద్యనిషేధానికి జనావాసం లేని బంగారం దీవి ఒక్కటే మినహాయింపుగా ఉండేది. 2021లో జనం ఉండే దీవులకూ ఆ మినహాయింపు ఇవ్వాలని చూస్తే స్థానికులు ఎదురుతిరిగారు. కంచె కట్టినవాడే కంచె జరుపుతాడు.

యానాంలో ఉన్న మన పాఠకులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పన్ను తేడా వల్ల యానాం కూడా ఒక దీవే. చవక మందు కోసం గోదావరి జిల్లాల నుంచి వచ్చేవారు వస్తారు, తాగుతారు, పోతారు. చెడ్డపేరు మాత్రం ఊరికి మిగులుతుంది.

ఉద్యోగాలు వస్తాయంటారు. సముద్రం కోసం, పగడపు దిబ్బల కోసం, సెల్యులార్ జైలు కోసం జనం అండమాన్ వెళ్తారు. తన ఊళ్లో దొరికే బీరు కోసం విమానం టికెట్టు కొనేవాడెవడు?

ప్రియ యువతీ యువకులారా, మన ప్రసంగాలు ఎప్పుడూ తాగినవాణ్నే తిడతాయి. హబక్కూకు ప్రవక్త శ్రమ పలికింది పొరుగువానికి తాగించేవాడి మీద. మనం కూడా వేలు అటు చూపించాలి.

మేము అడిగేది ఇది. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ దీవిలోనూ కొత్త మద్యం లైసెన్సు ఇవ్వకూడదు. అమ్మిన ప్రతి సీసాను అమ్మినవాడే సొంత ఖర్చుతో ఓడెక్కించి వెనక్కి పంపాలి. మద్యం మీద వచ్చిన ఆదాయం ఎంతో, తాగుడు మాన్పించడానికి పెట్టిన ఖర్చు ఎంతో ఆ ప్రభుత్వ సంస్థ ఏటా పక్కపక్కన ప్రకటించాలి. మన సంఘాలు అండమాన్‌లోని తెలుగు సంఘాలతో కలిసి ఈ వినతిని అధికారులకు పంపాలి. ఇక మీరు దీవికి వెళ్తే ఫోటో తప్పక దిగండి. చేతిలో వాళ్ల సీసా మాత్రం వద్దు. ఆ కంపెనీకి మీరు జీతంలేని పనివాళ్లు కావద్దు.