కాన్పు వేళ ఊపిరి కాపలా

ఒకప్పుడు మన నాందేడుకు రాజధాని హైదరాబాదే గదా! మత్తుమందు చరిత్రలో ఆ నగరానికి మంచి పేరున్నది. సోదరీమణులు తెలుసుకోదగిన విషయమని వ్రాస్తున్నాను.

1847లో ఎడింబరోలో డాక్టర్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారం వాడినాడు. ఆనాటి పరికరం ఒక చేతిరుమాలు, అంతే! 1888, 1889లలో హైదరాబాదులో నిజాం ప్రభుత్వ పోషణతో డాక్టర్ లారీ రెండు పరిశోధక సంఘాలను నడిపించినాడు. "నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టండి" అన్నది వాటి తీర్పు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదన్న వారి వాదం 1911లో తప్పని తేలింది. ఊపిరిని కనిపెట్టాలన్న మాట మాత్రం నిలిచింది. 1889లో అక్కడ వైద్యవిద్య ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీగారు ఆ నగరపు ఆస్పత్రులలో క్లోరోఫారం ఇచ్చేవారు. ప్రపంచంలో మొదటి మత్తు వైద్యురాలు ఆమేనని చాలామంది అంటారు.

అయితే నిండు చూలాలికి ఇంకొక గండం ఉన్నది. నొప్పుల వేళ కడుపు త్వరగా ఖాళీ కాదు. మత్తులో తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. 1946లో న్యూయార్కు వైద్యుడు మెండెల్సన్ 44,016 మంది గర్భిణుల లెక్క తీస్తే 66 మందికి అలా జరిగింది. ఇద్దరు ఊపిరాడక చనిపోయినారు.

అందుకే పరికరాలు మారినాయి. గొంతు లోపలికి చూపే వంపు అలుగు లారింగోస్కోపును మాకింతోష్ 1943లో తెచ్చినాడు. దాని సాయంతో శ్వాసనాళంలోకి గొట్టం వేసి, చివరనున్న బుడగలో గాలి నింపితే కడుపులోనిది ఊపిరితిత్తులకు పోకుండా అడ్డు పడుతుంది. గొట్టం దిగనప్పుడు ఆదుకునే గొంతు మాస్కును డాక్టర్ బ్రెయిన్ 1981లో మొదట వాడి చూచినాడు. నేడు సిజేరియనుకు ఎక్కువగా వెన్నులో సూది ఇస్తారు. అయినా ఆపద వచ్చినప్పుడు పూర్తి మత్తు తప్పదు.

ఇక మన సంగతి. "కనడానికి బలం కావాలమ్మా" అని పెద్దవాళ్ళు రెండు ముద్దలు తినిపించి పంపుతారు. ఆస్పత్రిలో నర్సు "కాహీ ఖాల్లం కా?" అని అడిగితే, మరాఠీ రాని కొత్త కోడలు తల ఊపి ఊరుకుంటుంది. వెంట వెళ్ళినవారు, కోప్పడతారని దాచకుండా, ఉన్నదున్నట్టు చెప్పాలి. నొప్పులు మొదలైనాక ఏమి తాగవచ్చో డాక్టరునే అడగాలి.

మా గుమాస్తాల భాషలో చెబుతాను: ఏమి తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది—ఈ రెండు గడులు ఖాళీగా వదలకండి.