బిగించిన చేతికీ బాధ్యత ఉంది

చక్రాల కుర్చీ బ్రేకు పట్టు తప్పిందంటే చెడేది కుర్చీ ఒక్కటే కాదు. ర్యాంపు మీదున్న మనిషి కుర్చీతో సహా కిందికి జారిపోతాడు. వెన్నుపాము దెబ్బతిని నడుం కింద స్పర్శ లేనివారికైతే ఎముక విరిగిన సంగతి కూడా వెంటనే తెలియకపోవచ్చు. ఆ బ్రేకును ముందురోజే ఎవరో రిపేరు చేసి ఇచ్చి ఉంటే జవాబు చెప్పాల్సింది ఎవరు? మన చట్టంలో దీనికి సమాధానం ఉంది, కానీ సగమే.

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారును, అమ్మకందారును మాత్రమే పట్టుకుని ఊరుకోలేదు. వస్తువుకు సర్వీసు చేసేవారి బాధ్యతను 85వ సెక్షన్‌లో విడిగా చెప్పింది. నాసిరకం పని, నిర్లక్ష్యం, తెలిసీ విషయం దాచడం, తగిన హెచ్చరిక చేయకపోవడం... వీటిలో ఏది హానికి దారితీసినా పరిహారం అడగవచ్చు. డబ్బిచ్చి రిపేరు చేయించింది కొడుకైనా, కుర్చీలో కూర్చునే తల్లి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే.

ఈ బాధ్యత నిన్నమొన్న పుట్టింది కాదు. లారీ చక్రాన్ని సరిగ్గా బిగించకపోవడంతో ఊడిన భాగం దారిన పోయే మనిషికి తగిలితే, రిపేరు చేసినవారే పరిహారం ఇవ్వాలని ఇంగ్లండు న్యాయస్థానం 1939లో తేల్చింది. లిఫ్టు రిపేరులో అశ్రద్ధ చేసిన ఇంజినీర్ల విషయంలోనూ 1941లో అలాంటి తీర్పే వచ్చింది. ఆ రెండు కేసుల్లోనూ గాయపడినవారికీ, రిపేరు చేసినవారికీ మధ్య ఒప్పందమేదీ లేదు.

85వ సెక్షన్‌లో హెచ్చరిక గురించిన మాటే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. వీధి చివర వెల్డింగ్ షాపతను బ్యాటరీ కుర్చీ కంట్రోలర్ గురించి చదువుకుని ఉండాలని ఎవరూ అనరు. తెలియనిదాన్ని విప్పకుండా ‘ఇది నావల్ల కాదు’ అనడం, ‘కొత్త బ్రేకు వేసేదాకా ఏటవాలు మీదికి వెళ్లొద్దు’ అని చెప్పడం మాత్రం అతని చేతిలో పనే. ఆ మాట చీటీ మీద రాసిచ్చాడా, అది కస్టమర్‌నూ కాపాడుతుంది, అతన్నీ కాపాడుతుంది.

అలాగని తప్పంతా మెకానిక్ నెత్తిన రుద్దడం అన్యాయం. స్పేర్ పార్టులు అమ్మక, మాన్యువల్ ఇవ్వక, జనాన్ని వీధి రిపేరు వైపు నెట్టే కంపెనీల సంగతేమిటి? వస్తువులో మార్పులు చేశారని తేలితే 87వ సెక్షన్ కింద అమ్మకందారు తప్పుకోవచ్చు. చివరికి భారమంతా దిక్కులేని మెకానిక్ మీద పడుతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2022లో చేసిన చట్టం ప్రకారం పవర్ వీల్‌చైర్ కంపెనీలు విడిభాగాలూ, రిపేరు సమాచారమూ యజమానులకూ, బయటి మెకానిక్‌లకూ అందించాలి. మనకూ అలాంటిది కావాలి.

ఇక చట్టం చెప్పని మిగతా సగం. ఉచితంగా చేసే సేవ వినియోగదారుల చట్టం కింద ‘సేవ’ కిందికే రాదు. పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను సుప్రీంకోర్టు 1995లో ఈ కారణంతోనే పాత చట్టం పరిధి నుంచి మినహాయించింది. కేంద్రం అడిప్ పథకం కింద కాన్పూరులోని అలిమ్‌కో తయారుచేసే మూడు చక్రాల బండ్లను పేద వికలాంగులకు పంచుతోంది. ఆ బండిని ఎవరైనా పైసా తీసుకోకుండా రిపేరు చేసి, అది దారిలో బోల్తా పడితే, బాధితుడు వినియోగదారుల కమిషన్ గడప తొక్కలేడు. ఖర్చుకూ కాలయాపనకూ ఓర్చుకుని సివిల్ కోర్టుకు వెళ్లాలి. రెండొందలు ఇవ్వగలిగినవాడికి దొరికే రక్షణ, అదీ లేనివాడికి దొరకదన్నమాట. ప్రభుత్వ పథకాల కింద ఇచ్చే పరికరాల రిపేరును, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, పార్లమెంటు 85వ సెక్షన్ పరిధిలోకి తేవాలి.

డబ్బిచ్చి రిపేరు చేయించుకునేవారు మాత్రం బిల్లు అడిగి తీసుకోండి. ప్రమాదం జరిగితే విరిగిన భాగాన్ని పారేయకండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు కట్టనక్కర్లేదు.