నంది కొండను నడచియే యెక్కవలెను

విహారయాత్ర యన్నంతనే బస్సు మాటలాడుకొనుట మనకు వాడుకయైనది. చిక్కబళ్ళాపురమున కింత చేరువనున్న నంది కొండకును బస్సేనా? 1,478 మీటర్ల శిఖరము చెంత దిగి, టిప్పు కోటగోడ ప్రక్క చిరుతిండి తిని మరలివచ్చు బాలురు కొండను చూచినారని మేము ఒప్పుకొనజాలము.

మార్గశిర పుష్యమాసములే నడకకు తగిన కాలము. వేసవిలో మెట్లరాళ్లు కాలును, వానలలో జారును. జలుబు చేయునని తల్లులు వెనుదీయుచున్నారు. నూరు మెట్లెక్కుసరికి పిల్లలే కంబళి విప్పి చంకన బెట్టుదురు! దిగువ నంది గ్రామమున భోగనందీశ్వరుని దర్శించి, మంచు విడిన పిదప బయలుదేరి, మూడు గంటలకు దిగుట మొదలిడవలెను. పొద్దు త్వరగా వాలు దినములు గదా.

మెట్టుమెట్టునకు నిలిచి చూచువానికి చుట్టునున్న కొండల వరుస తెలియును. ఆ వరుసలోనే ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, పుట్టి గౌరిబిదనూరు మీదుగా సాగి, నెల్లూరు దాటి కడలి చేరుచున్నది. దక్షిణ పినాకినియు, పాలారును తమిళదేశమునకు పోవుచున్నవి. "మీ తెలుగు ఎక్కడిది?" అని తోటివా రడుగగా తెల్లబోవు మన పిల్లవాడు, నెల్లూరి పెన్న తన యింటి కొండలలో పుట్టినదని కన్నులార చూడవలదా?

బస్సు బాడుగకు వసూలుచేయు సొమ్ముతో ఆ దినము పిల్లలందరికి వేడి పులుసన్నము పెట్టవచ్చును.